మొగులమ్మ వేసిన నంబర్లు

సంగారెడ్డిలో మా జిల్లా ఆఫీసులో అరవై మందిమి పనిచేసేవాళ్లం. మాలో కరెంటు మీటరు చదవడం వచ్చిన మనిషి ఒక్కతే. ఆమె అటెండరు, పేరు మొగులమ్మ. మిగతా వాళ్లం డిగ్రీలూ డిప్లొమాలూ చదివాం కానీ, వరండా చివర గోడకు వేలాడే ఆ మీటరు వైపు తిరిగి చూసిన పాపాన పోలేదు.

నా పేరు ఐలన్న. అక్కడ స్టోర్ గుమాస్తాని. పెన్నుల దగ్గర్నుంచి కంప్యూటర్ల దాకా ఏది కొన్నా నా రిజిస్టరులోకి ఎక్కాలి, ఏది పాడైనా నా రిజిస్టరులోంచి దిగాలి. ముప్పై ఏళ్లు ఆ పనే చేసి రిటైరయ్యాను. ఆ ముప్పై ఏళ్లలో నాకు కోపం తెప్పించని మనిషి ఆఫీసులో లేడు. మొగులమ్మ కూడా తెప్పించింది, కానీ ఆమె మీద కోపం సాయంత్రం దాకా నిలిచేది కాదు.

ఆమె పెనిమిటి సంగయ్య మా దగ్గరే అటెండరుగా ఉండి జ్వరంతో పోయాడు. ఆ ఉద్యోగం తొంభై ఆరులో ఆమెకు ఇచ్చారు. చదివింది నాలుగో తరగతి. మీటరు సంగతి మాత్రం పుట్టింటి నుంచి తెచ్చుకున్న విద్య. వాళ్లన్న జోగిపేటలో కాంట్రాక్టు మీద ఇంటింటికీ తిరిగి మీటర్లు రాసేవాడట. కుక్కలను అదిలించడానికి చెల్లెలి చేతికి కట్టె ఇచ్చి వెంట తీసుకుపోయేవాడు. కొన్నాళ్లకు చెల్లెలు అంకెలు చదవడం, అన్న కుక్కలను అదిలించడం మొదలైందని ఆమె చెప్పి తానే నవ్వేది.

పొద్దున పది గంటలకు వచ్చి మొగులమ్మ చేసే మొదటి పని మీటరు చూడటం. ఆ అంకెను స్టోర్ గది తలుపు వెనుక సుద్దముక్కతో రాసేది. ఎవరూ రాయమనలేదు. "ఎందుకమ్మా ఈ గీతలు, తలుపు పాడైతది" అని నేను కసిరితే, "మీరు పొద్దుగాల పేపర్ సదువుతరు కద సారూ, నేను గిది సదువుత" అనేది.

ఆమెకు ఇంకో పని కూడా అప్పజెప్పాను. ఆఫీసుకు కొత్త వస్తువు ఏది వచ్చినా దాని మీద తెల్ల రంగుతో స్టాకు నంబరు వేయాలి. నా రాత చూసి మా సూపరింటెండెంటు వెంకటేశం సారు కోడి గెలికినట్టుందన్నారు. నాకు ఒళ్లు మండి కుంచె మొగులమ్మకు ఇచ్చేశాను. ఆమె అంకెలు ముత్యాల్లా వేసింది. వేసి, ప్రతి నంబరు చివరా ఒక చిన్న పూరేకు కూడా దించింది.

"గవర్నమెంటు నంబరుకు పువ్వేందమ్మా?" అన్నాను.

"ఉత్త అంకె బోసిగుంటది సారూ. మా అమ్మ ఎంత పెద్ద ముగ్గేసినా సివరికి గిట్ల ఒక రేకు ఇడిసేది. చెయ్యి అలవాటైంది."

ఆడిట్ వాళ్లు పూరేకును తప్పుపట్టలేదు. అందుకని నేనూ ఊరుకున్నాను.

రెండు వేల అయిదులో మా పాత కంప్యూటర్లు తొమ్మిది ఒకేసారి మూలపడ్డాయి. పనికిరావని రాసి, వేలం వేశాం. ఎక్కువ పాడిన తుక్కు వ్యాపారి వచ్చి లారీలో వేసుకుపోయాడు. నేను కాగితాల మీద సంతకం పెట్టాను, మొగులమ్మ ఇంకో మనిషిని తోడు పెట్టుకుని పెట్టెలు లారీ ఎక్కించింది. రిజిస్టరులో ఎర్ర గీత కొట్టేసి ఆ సంగతి మరిచిపోయాను.

నెల తరవాత ఒక సోమవారం మొగులమ్మ తువ్వాలలో ఏదో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. విప్పితే కాలి వంకరపోయిన ప్లాస్టిక్ ముక్క. సగం నల్లగా కమిలింది. మూలన మాత్రం తెల్ల అంకెలు, చివర పూరేకు.

"ఏందిది?"

"మా అక్క ఇంటెనుక గుంతల దొరికింది సారూ. మనం ఏలమేసినయే."

ఆమె అక్క బక్కమ్మ ఊరు పటాన్‌చెరుకు ఇవతల, బొంబాయి రోడ్డు మీద నుంచి ఎడమ చేతికి దిగే మట్టిదారిలో ఉంటుంది. ఊరి పేరు చెప్పను, ఆ ఊరివాళ్లు నా మీదికి వస్తారు. ఆదివారం సెలవుకు మొగులమ్మ అక్కడికి పోయింది. తుక్కు మనుషులు ఆ గుంతలో కంప్యూటర్లు పగలగొట్టి, తీగల్లో ఉండే రాగి కోసం కుప్పలుపోసి కాలబెడుతున్నారు.

"ఫ్యాక్టరీల వాసన మాకు కొత్త కాదు సారూ. గీ పొగ వేరే ఉంది. కండ్లల్ల కారం కొట్టినట్టు. అక్క మిద్దె మీద ఎండవెట్టిన గుమ్మడి వడియాలు మొత్తం మసి. ఆమె పటాన్‌చెరు సంతల అమ్ముకునేది గవే. ఇప్పుడు అమ్ముడు బందైంది, దగ్గు మొదలైంది."

"వేలంల పాడుకున్నడు, తీసుకపోయిండు. ఇగ మనకేం సంబంధం?" అన్నాను. ఇలాంటి మాట ఉద్యోగంలో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆ రోజు అన్నందుకు మాత్రం ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

"గా నంబరు నేనేసిన సారూ. లారీ ఎక్కిచ్చింది గుడ నేనే."

"మీ అక్కకు చెప్పినవా?"

"ఎట్ల చెప్త? ఆమె గా తుక్కోళ్లను తిడుతుంటే నేను పక్కన కూసొని తల ఊపిన."

ఆ ముక్కను ఆమె పారేయలేదు. స్టోర్ గదిలో పాత ఫైళ్ల వెనుక దాచిపెట్టింది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

రెండేళ్లు గడిచాయి. మిగిలిన నలభై రెండు కంప్యూటర్లూ మూలుగుతూ నడుస్తున్నాయి. ఒక్కో మానిటరు గోనె సంచంత లావు. వాటి స్థానంలో కొత్తవి కొనాలని హైదరాబాద్ నుంచి మంజూరు వచ్చింది. కొత్తవి వస్తే పాతవి వేలానికి పోవాలి. వేలంలో ఎప్పుడూ ఎక్కువ పాడేది ఆ తుక్కు వ్యాపారే. అంటే ఈసారి తొమ్మిది కాదు, నలభై రెండు పెట్టెలు బక్కమ్మ ఇంటి వెనుకకు చేరతాయి. ఈ సంగతి మొగులమ్మకు తెలుసు, నాకూ తెలుసు.

కొనుగోలు కమిటీ కూర్చుంది. పెద్ద కుర్చీలో కొత్తగా వచ్చిన మేడం ఉన్నారు. వయసు తక్కువ, కాగితం మొత్తం చదివే అలవాటు ఎక్కువ. ఆమె పక్కన వెంకటేశం సారు, ఎదురుగా ఫైళ్లతో నేను. రెండు కంపెనీలు ధరలు పంపాయి. మొదటిది తక్కువ ధర, అవే లావు మానిటర్లు. రెండోది కొంచెం ఎక్కువ ధర, పలచటి తెరలు. మనిషి ముట్టకుండా పది నిమిషాలుంటే వాటంతట అవే నిద్రపోతాయట, కరెంటు సగం మిగులుతుందట. పైగా పాత పెట్టెలను కంపెనీయే వెనక్కి తీసుకుపోయి, కాల్చకుండా విడగొట్టి, ఏ భాగానికి ఆ భాగం పద్ధతిగా వేరు చేస్తుందట.

"తక్కువ ధర చూసి కొందాం మేడం. లేకుంటే ఆడిట్‌ల ఇరుకుతం" అన్నారు వెంకటేశం సారు. నేనూ తల ఊపాను. ఆడిట్ అంటే నాకు ఇప్పటికీ భయమే.

అప్పుడే మొగులమ్మ టీ పట్టుకుని వచ్చింది. పళ్లెంలో మూడు కప్పులు, వాటి పక్కన ఆ కాలిన ముక్క. కప్పులు అందరి ముందూ పెట్టి, ముక్కను మేడం ముందు పెట్టింది.

"ఏంటిది?" అన్నారు మేడం.

మొగులమ్మ గుంత, పొగ, వడియాలు, దగ్గు, పూరేకు, అన్నీ వరసగా చెప్పింది. "నా నౌకరి పోయినా మంచిదే మేడం. గీ నలభై రెండిట్ల ఒక్కటి గుడ మళ్ల గాడికి పోవద్దు" అంది.

వెంకటేశం సారు ముఖం ఎర్రబడింది. మేడం మాత్రం టీ తాగుతూ ఫైలు అడుగు నుంచి ఒక సర్క్యులర్ బయటకు లాగారు. పర్యావరణానికి మేలైన యంత్రాలనిపిస్తే ధర ఒక్కటే చూడక్కరలేదని, ముందు పరీక్షగా కొన్ని నడిపి చూడవచ్చని అందులో ఉంది. ఆ సర్క్యులర్‌ను ఫైలులో కుట్టింది నేనే. చదివింది మాత్రం ఆమె.

"పది కంప్యూటర్లు రెండు నెలలు నడిపి చూద్దాం. మొదటి నెల అలవాటు పడటానికి. రెండో నెల కరెంటు పాతవాటిలో సగానికి మించకపోతే మొత్తం వీళ్ల దగ్గరే కొంటాం, పాతవి వాళ్లకే ఇస్తాం. మించితే తక్కువ ధర వాళ్లే, వేలమే. ఇంతకీ మీటరు ఎవరు చూస్తారు?" అన్నారు మేడం.

అందరం మొగులమ్మ వైపు చూశాం.

ముందుగా పది పాత పెట్టెలున్న పెద్ద హాలుకు విడిగా ఒక మీటరు పెట్టించి నెల రోజులు చూశాం. మూడు వందల ఆరు యూనిట్లు వచ్చింది. అంటే కొత్తవి నూట యాభై మూడు దాటకూడదు. మొగులమ్మ ఆ అంకెను తలుపు వెనుక అన్నింటికంటే పైన రాసి, దాని చుట్టూ ముగ్గు గీత గీసింది.

కొత్త కంప్యూటర్లు వచ్చిన రోజు మా హాలు పెళ్లివారిల్లులా తయారైంది. వెంకటేశం సారు కొబ్బరికాయ కొట్టి, పది తెరలకూ పసుపు కుంకుమ బొట్లు పెట్టించారు. ఆయన దేవుడి మనిషి. ప్రతి తెర మీదా దేవుడి బొమ్మ, బొమ్మ ముందు వెలిగే దీపం కనిపించేలా పెట్టించారు. తెర తెరవగానే దీపం కనబడితే ఆఫీసుకు మంచిదని ఆయన నమ్మకం. మాకూ బాగానే అనిపించింది.

పన్నెండు గంటలకు అందరం టీకి పోయి వచ్చేసరికి పది తెరలూ నల్లగా ఉన్నాయి.

"అయ్యో! దీపం కొండెక్కింది!" అని వెంకటేశం సారు గుమ్మంలోనే నిలబడిపోయారు. అది చెడిపోవడం కాదు, నిద్రపోవడమని కంపెనీ ఇంజనీరు ఫోన్లో చెప్పాడు. నిద్ర మాన్పించమంటే, ఆ అమరికకు తాళం వేశాం, పరీక్ష అయ్యేదాకా తీయకూడదు అన్నాడు. ఆ సాయంత్రమే సారు మెట్ల మీద కాలు జారి మడమ బెణికించుకున్నారు. ఇక చెప్పాలా?

"పొద్దుగాల ఎలిగించిన దీపం ఆఫీసు నడుస్తుంటే ఆరొద్దు ఐలన్నా. ఏదన్న ఉపాయం చెప్పు" అన్నారు.

ఉపాయం చెప్పింది నేనే. దాచుకోవడం ఎందుకు? మౌస్ కదిపితే తెర మళ్లీ వెలుగుతుంది. మొగులమ్మ ఎలాగూ హాలంతా తిరుగుతూనే ఉంటుంది కదా, పది నిమిషాలకోసారి పది మౌస్‌లూ కాస్త కదిపితే సరిపోతుందన్నాను. సారు నా తెలివిని మెచ్చుకున్నారు. మా ఆఫీసులో తెలివైనవాళ్లం ఇలాగే ఉంటాం.

మొగులమ్మ ఆ పనిని నిష్ఠగా చేసింది. ఆమెకు కూడా దీపమంటే భయభక్తులే. చేతిలో నీళ్ల చెంబు ఉన్నా, ఫైళ్ల కట్ట ఉన్నా, బల్ల దగ్గరికి రాగానే రెండు వేళ్లతో మౌస్‌ను కదిపి పోయేది. "పది ఎలుకలకు కాపలా పెట్టిండ్రు నన్ను" అని నవ్వేది. పది తెరల మీదా పొద్దంతా దీపాలు వెలిగాయి. వెంకటేశం సారు మడమ కూడా నయమైంది.

నెల తిరిగింది. రీడింగు రెండు వందల ముప్పై ఒకటి.

మొగులమ్మ మీటరు ముందు చాలాసేపు నిలబడింది. మళ్లీ చదివింది. నన్ను పిలిచి చదివించింది. అంకె మారలేదు. "కంపెనీ వాళ్లవి అన్నీ గిట్లాంటి మాటలే. సగం మిగులుతదన్నరు, సారం ఏమున్నది?" అని నేను నోరు పారేసుకున్నాను. ఆమె మధ్యాహ్నం గిన్నె విప్పి, అన్నం కలిపి, తినకుండా మూతపెట్టేసింది. అది చూసి నా కోపం నీరుగారిపోయింది. ఆ మనిషి ముఖం అలా ఉంటే ఆఫీసులో ఎవరికీ పని సాగేది కాదు.

మర్నాడు పొద్దున స్టోర్ గదిలోంచి కేక వినిపించింది.

"ఐలన్న సారూ! జెర జల్దీ రా!"

పరుగెత్తాను. ఆమె తలుపు మూసి, దాని వెనుక అంకెల ముందు చతికిలబడి ఉంది. "గీ రెండు దినాలు సూడు. రోజూ తొమ్మిది, తొమ్మిదిన్నర తిరిగిన మీటరు గీ రెండు దినాలు అయిదే తిరిగింది. ఎందుకట్ల?"

ఆ రెండు అంకెలూ నేను రాసినవి. కోడి గెలికినట్టే ఉన్నాయి. మొగులమ్మకు జ్వరం వచ్చి పోతిరెడ్డిపల్లిలో తన కిరాయి గదిలో పడుకున్న రోజులవి. రాలేనని కబురు పంపుతూ, తలుపు మీద అంకె మాత్రం తప్పకుండా రాయమని నాకు మరీ మరీ చెప్పించింది.

"గప్పుడు ఆఫీసు బందుండెనా?" అంది.

"లేదు. అందరం వచ్చినం. వెంకటేశం సారొక్కడే మీటింగుకు హైదరాబాద్ పోయిండు."

"మరి నేను రాని దినం మీటరెందుకు తక్కువ తిరిగింది?"

ఆమె తన కుడిచేతి రెండు వేళ్ల వైపు చూసుకుంది. ఇద్దరికీ ఒకేసారి వెలిగింది.

"ఓరి దేవుడా! నేనే సారూ! పండుకున్న దాన్ని పండుకోనియ్యకుండ లేపుతున్నది నేనే!"

ఆమె నవ్విందో ఏడ్చిందో చెప్పలేను. నాకైతే పొట్ట పట్టుకుని నవ్వు వచ్చింది. మనిషి పని చేయనప్పుడల్లా నిద్రపోయే యంత్రం మా ఆఫీసుకు వచ్చిందంటే, నిజానికి మీటరు తిరగడమే మరచిపోవాలి. దాన్ని నిద్రపోకుండా ఆపడానికి మేమే ఒక మనిషిని పెట్టుకున్నాం. ఆ మనిషి మొగులమ్మ. ఆ ఉపాయం నాది.

ఇక మిగిలింది వెంకటేశం సారు. "కదుపుడు బంద్ చేస్తే దీపం ఆరిపోతది. నేను ఒప్పుకోను" అన్నారు. ఆయనతో నేను గొడవకు దిగేవాడినే. మొగులమ్మ నన్ను ఆపి ముందుకొచ్చింది.

"సారూ, ఒక మాట అడుగుత, కోపం చెయ్యొద్దు. మీ ఇంట్ల దేవుని కాడ దీపం పొద్దుందాంక ఎలుగుతదా?"

"ఎట్ల ఎలుగుతది? పొద్దుగాల పెడతం. నూనె అయినంక కొండెక్కుతది."

"గప్పుడు ఇంట్ల అమ్మగారు ఏమన్న పరేషాన్ అయితదా?"

"ఎందుకైతది? దీపం పెట్టుడు మన వంతు. తర్వాత దేవుడు సూసుకుంటడు."

"మరి గీడ దేవుని మీద నమ్మకం లేకనా, నాతోని ఎలుకలు ఊపిస్తున్నరు?"

వెంకటేశం సారే మొదట నవ్వారు. ఆయన నవ్వడం చూసి మిగతా వాళ్లం నవ్వాం.

వరండాలో నీళ్ల కుండ పక్కన గోడకు ఒక గూడు ఉంది. కాగితాలకు దూరం. మొగులమ్మ దాన్ని కడిగి, ముగ్గేసి, మట్టి ప్రమిద పెట్టింది. రోజూ పది గంటలకు వెంకటేశం సారే చెంచాడు నూనె పోసి వెలిగించాలని తీర్మానమైంది. దానివల్ల ఇంకో మేలు కూడా జరిగింది. అంతకుముందు పదకొండుకు ముందు కనిపించని సూపరింటెండెంటు పది కొట్టేసరికి గూడు ముందు ఉండటం మొదలుపెట్టారు. ఆయన వచ్చాక మేము రాకుండా ఎలా ఉంటాం?

తెరలు హాయిగా నిద్రపోయాయి. తలుపు వెనుక అంకెలు నెమ్మదిగా పెరిగాయి. ఒక్క చివరి వారం మాత్రం మా ప్రాణాలు తోడేసింది. ఆర్థిక సంవత్సరం ముగింపు, లెక్కలన్నీ పంపాలి. ఏడాదంతా చేయని పని ఆ వారంలో చేశాం. ఇంకా మూడు రోజులుండగా అంకె నూట ముప్పై నాలుగుకు చేరింది.

"మొగులమ్మా, రేపు ఎల్లుండి పని ఆపుదం. నేను చెప్తే మనోళ్లు కాదనరు" అన్నాను. ఆ విషయంలో మా వాళ్ల మీద నాకు పూర్తి నమ్మకం ఉంది.

"వద్దు సారూ. దొంగ లెక్కతోని గెలిస్తే అక్క ముఖం ఎట్ల సూస్త? పని చెయ్యుండ్రి. లేచి పోయినప్పుడు మాత్రం ఎవ్వరు దాన్ని ముట్టకుండ్రి" అంది. ఆ మూడు రోజులు ఆమె చేతులు రెండూ కొంగులో చుట్టుకుని హాలులో తిరిగింది. అలవాటు కొద్దీ వేళ్లు మౌస్ మీదికి పోతాయని భయం.

ఆఖరి రోజు సాయంత్రం మేడం తానే వచ్చి కుర్చీ వేయించుకుని మీటరు చదివారు. నూట నలభై తొమ్మిది.

ఎవరు మొదలుపెట్టారో తెలియదు, హాలంతా చప్పట్లు కొట్టింది. వెంకటేశం సారు గూటిలో రెండోసారి దీపం పెట్టారు. ధర ఎక్కువని అంతకుముందు అడ్డుపడ్డ ఆయనే, మీటరు అంకెలతో సహా నోట్ రాసి, ఆడిట్ అడిగితే నేనే జవాబు చెబుతానని సంతకం చేశారు. ముప్పై ఏళ్లలో ఒక అధికారి తనంత తానుగా ఆడిట్‌ను తలకెత్తుకోవడం అదే మొదలు, అదే చివర.

వర్షాకాలం ముందు కంపెనీ లారీ వచ్చింది. నలభై రెండు పాత పెట్టెలనూ మొగులమ్మే దగ్గరుండి ఎక్కించింది. ఒక్కో నంబరు చదివి నాతో టిక్కు పెట్టించింది. అంతా అయ్యాక, తాను కూడా లారీలో పటాన్‌చెరు దాకా వస్తానంది. కాగితాలు అప్పగించే నెపంతో నేనూ ఎక్కాను. డ్రైవర్ బీహార్ వాడు. అతనికి మా మాటలు సగమే తెలుసు, అయినా మొగులమ్మ దారి పొడవునా మాట్లాడుతూనే ఉంది. ఎడమ చేతి మట్టిదారి దగ్గరపడుతుంటే మాత్రం మాట ఆగింది.

అక్కడ గేదెల మంద అడ్డమొచ్చి లారీ నెమ్మదించింది. మొగులమ్మ నా మోచేయి గట్టిగా పట్టుకుంది. ఆమె గోళ్ల గుర్తులు రెండు రోజులున్నాయి. గేదెలు పోయాయి. లారీ మట్టిదారి దాటి, బొంబాయి రోడ్డు మీద నేరుగా ముందుకు సాగింది.

"రోకో బిడ్డా, రోకో! గీడనే దిగుత!" అని అరిచింది మొగులమ్మ. ముఖమంతా నవ్వు, కళ్లనిండా నీళ్లు. నన్ను కూడా దింపింది.

బక్కమ్మ ఇంటికి నడిచిపోయాం. ఆమె మొగులమ్మ కన్నా పదేళ్లు పెద్దది, బక్కపలచటి మనిషి. మిద్దె మీద చీర పరిచి గుమ్మడి వడియాలు పెడుతూ కనిపించింది. మమ్మల్ని చూసి పిండి చేతులతోనే దిగొచ్చింది. అంతకుముందు ఎండబెట్టిన వాటిని గుప్పెడు వేయించి నా ముందు పళ్లెంలో పెట్టింది. తెల్లగా, కరకరలాడుతూ ఉన్నాయి.

"సంగారెడ్డి నుంచి ఇగ తుక్కు రాదని తెలిసి గుంత కాడోళ్లు ఇంకోదిక్కు పోయిండ్రు సారూ. నెల నుంచి పొగ లేదు. గాలి మారినట్టుంది" అంది బక్కమ్మ.

"మారిందేమో అక్కా" అంది మొగులమ్మ, పళ్లెం వైపు చూస్తూ.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. మూడు నెలలు మీటరు ముందు నిలబడ్డ మనిషి, కొంగులో చేతులు కట్టుకు తిరిగిన మనిషి, ఇంత చేసి గాలి మారిందంటుందా? "గాలి కాదు బక్కమ్మా, నీ చెల్లె మార్చింది!" అని జరిగిందంతా చెప్పేశాను. తుక్కు వ్యాపారికి మా జిల్లా పెట్టెలు ఇక దొరకవని కూడా చెప్పాను.

బక్కమ్మ విని, చెల్లెలి వైపు తిరిగింది. "గింత జేసి నాకు చెప్పకపోతివేందే?"

మొగులమ్మ తల వంచుకుంది. "ఏమని చెప్పాలె అక్కా? మొదలు నీ ఇంటెనుకకు పంపింది గుడ నేనే. గా తొమ్మిదిటి మీద నంబర్లు నేనేసిన. లారీ నేనెక్కిచ్చిన."

బక్కమ్మ నవ్వింది. దగ్గు అడ్డం వచ్చినా ఆపకుండా నవ్వింది. పిండి చేత్తో చెల్లెలి వీపు మీద ఒక్కటి చరిచింది.

"నాకెరక లేదనుకున్నవా? గుంతల మొదటి దినమే సూసిన. ఏడ సూసినా మన అమ్మ ఇడిసే రేకే. గసుంటి రేకు ఇడిసేది ఇగ లోకంల నువ్వొక్కదానివే. అడిగితే నీ నౌకరికి ఏమన్న అయితదని అడగలే."

మొగులమ్మ అక్క భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేను లేచి మిద్దె మెట్ల వైపు పోయాను. పొయ్యి మీద నూనె కాగుతోంది, పైన చీర మీద వడియాలు తెల్లగా ఎండుతున్నాయి. కాసేపటికి బక్కమ్మ వెనుక నుంచి పిలిచింది.

"సారూ, కొత్తయి వచ్చినయంటివి. వాటి మీద గుడ రేకు ఏస్తుందా మా చెల్లె?"

"ఏస్తది" అన్నాను.

"ఎయ్యమను. ఏ గుంతల వడ్డా గుర్తువడత" అంది బక్కమ్మ.